తొక్కినా ఎత్తుకోని కారు.. లోపం తేలాకే మరమ్మతు!

* ఘాట్ దారుల్లో, ఓవర్‌టేక్ వేళ ఇంజన్ తడబాటుతో ముప్పు
* గాలి, ఇంధనం, నిప్పురవ్వ.. వరుసగా పరిశీలిస్తే తగ్గనున్న ఖర్చు
* కారణం తెలియకుండా భాగాలు మారిస్తే జేబుకు చిల్లే

మార్కాపురం: దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే కార్లకు ముందు వెళుతున్న బస్సునో, లారీనో దాటవలసిన సందర్భాలు తరచూ ఎదురవుతుంటాయి. చోదకుడు కుడివైపునకు వచ్చి యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలోనే ఇంజన్ శక్తి అందుకోవాలి. అలా కాకుండా ఊపిరి బిగబట్టినట్లు ఒక్క క్షణం ఆగి, రెండు కుదుపులు కుదిపి, ఆ తర్వాత గాని వేగం పుంజుకోకపోతే ప్రమాదం పొంచి ఉన్నట్లే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న వాహనం రెండు సెకన్లలో 33 మీటర్ల దూరం సాగిపోతుంది. ఆ దూరమంతా ఎదురు వాహనాలు వచ్చే వరుసలోనే ఉండిపోవలసి వస్తుంది.

'బండి ఎత్తుకోవడం లేదు', 'పికప్ అందుకోవడం లేదు' అంటూ మెకానిక్ షెడ్లకు వచ్చే వాహనాలు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. వీటిలో అద్దె కార్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత కార్లు ఎక్కువ. లోపం ఎక్కడుందో తేల్చకుండా ఒకసారి ప్లగ్గులు, మరోసారి పెట్రోలు పంపు, ఇంకోసారి సెన్సార్ మారుస్తూ పోతే వేల రూపాయలు ఖర్చవుతాయే గాని తడబాటు పోదు. రోగమొకటైతే మందొకటి వేసిన చందమవుతుంది. ఒక క్రమపద్ధతిలో పరిశీలిస్తే చాలా సందర్భాల్లో తక్కువ ఖర్చుతోనే ఈ సమస్య పరిష్కారమవుతుంది.

అసలు తడబాటు అంటే..

శక్తి లోపాలన్నీ ఒకటి కావు. యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే స్పందన లేకుండా కొద్దిసేపటి తర్వాత వేగం అందుకుంటే దానిని తడబాటుగా పరిగణించాలి. ఎంత తొక్కినా, ఎంతసేపు తొక్కినా ఒక వేగానికి మించి వెళ్లకపోతే అది నిరంతర శక్తి లోపం. ఇంజన్ వేగం పెరుగుతూ శబ్దం హెచ్చుతున్నా కారు మాత్రం ముందుకు దూకకపోతే లోపం ఇంజన్‌లో లేదు, క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. కొద్ది దూరం నడిపాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కి ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉండవచ్చు. ఈ తేడా గుర్తించకుండా ఇంజన్ విప్పించడం వృథా ప్రయాస.

టర్బో అమర్చిన డీజిల్, పెట్రోలు కార్లలో ఇంజన్ తక్కువ వేగంలో ఉన్నప్పుడు స్పందన కొంత ఆలస్యం కావడం సహజం. కొత్తగా కొన్ననాటి నుంచీ అలాగే ఉంటే దానిని లోపంగా భావించనవసరం లేదు. మునుపు లేని ఆలస్యం కొత్తగా మొదలైతేనే అనుమానించాలి.

షెడ్డులో బాగు.. రోడ్డుపై మొరాయింపు

పెట్రోలు ఇంజన్ నడవడానికి మూడు కావాలి. తగినంత గాలి, దానికి తగిన పాళ్లలో పెట్రోలు, సరైన సమయంలో బలమైన నిప్పురవ్వ. మామూలు పెట్రోలు పూర్తిగా దహనం కావాలంటే ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. యాక్సిలరేటర్ తొక్కగానే త్రాటిల్ కవాటం తెరుచుకుని గాలి ఒక్కసారిగా లోనికి దూసుకువెళుతుంది. అదే క్షణంలో పెట్రోలు కూడా పెరగాలి. అది వెనకబడితే మిశ్రమం పలచబడి సరిగా మండదు. చోదకుడికి తెలిసే తడబాటు ఇదే.

పాత కార్బొరేటర్ కార్లలో ఈ అదనపు పెట్రోలును చిమ్మడానికి యాక్సిలరేటర్ పంపు అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. దానిలోని పలుచని పొర చిరిగినా, చిమ్మే రంధ్రం పూడుకుపోయినా తొక్కగానే బండి ముక్కుతుంది. ఇంజెక్షన్ విధానంలో ఈ లెక్కంతా ఈసీయూగా పిలిచే కంప్యూటర్ చూసుకుంటుంది. గాలి ఎంత వస్తోంది, త్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అనే వివరాలను సెన్సార్ల ద్వారా తెలుసుకుని ఇంజెక్టర్లకు ఆదేశాలు ఇస్తుంది. వీటిలో ఏ ఒక్క సమాచారం తప్పయినా లెక్క తప్పుతుంది.

నిప్పురవ్వ సంగతి మరికాస్త చిత్రమైనది. కారు నిలిపి ఉంచి ఇంజన్‌ను మెల్లగా నడిపినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తక్కువగా ఉంటుంది. బలహీనమైన కాయిల్, అరిగిన ప్లగ్గు కూడా అప్పుడు నిప్పురవ్వ ఇవ్వగలుగుతాయి. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆ ఒత్తిడిని దాటి రవ్వ దూకాలంటే మరింత వోల్టేజీ కావాలి. అక్కడే బలహీనమైన భాగం చేతులెత్తేస్తుంది. మెకానిక్ షెడ్డులో ఎంత రేజ్ చేసినా కనిపించని లోపం ఘాట్ ఎక్కగానే బయటపడటానికి ఒక ముఖ్య కారణం ఇదే. కాబట్టి కారును నిలిపి ఉంచి చేసే పరీక్ష ఒక్కటే సరిపోదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డుపై నడిపి చూపించడం ఉత్తమం.

ముందు గమనించాల్సినవి

లోపం ఎప్పుడు వస్తోందన్న వివరమే సగం వైద్యం. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తడబడి, వేడెక్కాక సర్దుకుంటే ఉష్ణోగ్రత సెన్సార్, గాలి లీకు, త్రాటిల్‌లో మసి వంటివాటిని అనుమానించాలి. వేడెక్కాకే మొదలైతే కాయిల్, పెట్రోలు పంపు వైపు దృష్టి సారించాలి. తక్కువ వేగంలో బాగా ఉండి, ఎక్కువ వేగంలో లేదా ఎత్తుపై మాత్రమే శక్తి చాలకపోతే ఇంధనం సరఫరా తగ్గుతుండవచ్చు. బంకులో పెట్రోలు పోయించిన వెంటనే మొదలైతే ఇంధనంలో నీరు, కల్తీపై అనుమానం కలగాలి. వర్షంలో లేదా వాటర్ సర్వీసింగ్ తర్వాత మొదలైతే ప్లగ్గుల వద్ద తడి చేరి ఉండవచ్చు.

డాష్‌బోర్డుపై పసుపు రంగు చెక్ ఇంజన్ లైటు ముఖ్యమైన ఆధారం. తాళం తిప్పగానే అది వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే ఆ హెచ్చరిక వ్యవస్థే పనిచేయడం లేదని గుర్తించాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు దీనిని తప్పక పరిశీలించాలి. నడుస్తుండగా ఆ లైటు మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే సిలిండర్‌లో ఇంధనం మండకుండానే బయటికి పోతోందని అర్థం. అది పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చేరి అక్కడ మండితే, ఖరీదైన ఆ భాగం వేడికి పాడవుతుంది. ఇటువంటి స్థితిలో వేగం తగ్గించి, సురక్షితమైన చోట కారును ఆపడమే మంచిది.

మొదటి మెట్టు.. గాలి

పరిశీలన ఎప్పుడూ చవకైన దానితోనే మొదలుపెట్టాలి. ఎయిర్ ఫిల్టర్‌ను తెరిచి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. పలకల గనులు, క్వారీలు, మట్టి రోడ్లు ఉన్న మార్కాపురం వంటి ప్రాంతాల్లో తిరిగే కార్లకు మాన్యువల్‌లో చెప్పిన గడువు కన్నా ముందే ఫిల్టర్ పూడుకుపోతుంది. కాగితం ఫిల్టర్‌ను ఎండకు ఎదురుగా పట్టుకుంటే వెలుగు కనిపించాలి. లేకుంటే మార్చాలి. దానిని నీటితోగాని, పెట్రోలుతోగాని కడగరాదు. గాలి కొట్టవలసి వస్తే తక్కువ ఒత్తిడితో లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి.

తర్వాత ఫిల్టర్ నుంచి ఇంజన్ వరకు ఉన్న రబ్బరు గొట్టాలను వంచి చూడాలి. ఇంజన్ వేడికి రబ్బరు గట్టిపడి మడతల్లో పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్ల గుండా లెక్కలోకి రాని గాలి చొరబడితే మిశ్రమం పలచనవుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బుస్సుమనే శబ్దం వినిపిస్తే గాలి లీకు ఉన్నట్లే. త్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా తొక్కగానే స్పందన మందగిస్తుంది. దీనిని ఇందుకోసం తయారైన క్లీనర్‌తోనే శుభ్రం చేయాలి. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కార్లలో ఆ కవాటాన్ని వేలితో బలవంతంగా నెట్టరాదు. కొన్ని కార్లలో శుభ్రం చేశాక స్కానర్‌తో దాని స్థానాన్ని మళ్లీ నిర్ధారించవలసి ఉంటుంది.

రెండో మెట్టు.. నిప్పురవ్వ

విప్పిన ప్లగ్గు ఇంజన్ లోపలి పరిస్థితికి అద్దం పడుతుంది. దాని మొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సవ్యంగా ఉన్నట్లు. పొడి మసితో నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా మాడినట్లుంటే మిశ్రమం పలచబడి ఉండవచ్చు, లేదా ప్లగ్గు మితిమీరి వేడెక్కుతుండవచ్చు. నూనె జిడ్డు ఉంటే సిలిండర్‌లోకి ఇంజన్ ఆయిల్ చేరుతోంది. మొనల మధ్య ఖాళీ చాలా కార్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వాడుతున్న కారుకు ఎంత ఉండాలో మాన్యువల్ చూసి నిర్ధారించుకోవాలి. ఖాళీ పెరిగే కొద్దీ కాయిల్‌పై భారం పెరుగుతుంది. సీఎన్జీ, ఎల్పీజీతో నడిచే కార్లలో రవ్వకు ఎక్కువ వోల్టేజీ అవసరం కనుక ప్లగ్గుల విషయంలో మరింత శ్రద్ధ చూపాలి.

ప్రతి సిలిండర్‌కు విడిగా కాయిల్ ఉన్న కార్లలో పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అనుమానించిన కాయిల్‌ను పక్క సిలిండర్‌కు, దాని కాయిల్‌ను ఇక్కడికి మార్చాలి. లోపం కాయిల్ వెంట పక్క సిలిండర్‌కు వెళితే కాయిల్ చెడినట్లే. అక్కడే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, సిలిండర్ ఒత్తిడి వైపు చూడాలి. ఈ పని ఇంజన్ ఆపి, తాళం తీసేశాకే చేయాలి. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్గు వైర్లను ముట్టుకుంటే వేల వోల్టుల విద్యుత్ తగులుతుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇటువంటి తడబాటుకు కారణమవుతాయి. ధాన్యం, దాణా నిల్వ ఉండే చోట కార్లు నిలిపేవారు బానెట్ లోపల ఓసారి చూసుకోవాలి.

మూడో మెట్టు.. ఇంధనం

గాలి, రవ్వ సవ్యంగా ఉన్నాయని తేలాకే పెట్రోలు వైపు వెళ్లాలి. ఫిల్టర్ పూడుకుపోయినా, పంపు బలహీనపడినా మెల్లగా నడిపినప్పుడు తేడా తెలియదు. ఎక్కువ పెట్రోలు కావలసి వచ్చినప్పుడే అది చాలకుండా పోతుంది. దీనిని ఊహతో తేల్చలేం. ప్రెషర్ గేజ్ పెట్టి కొలవాలి. మామూలు పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఈ ఒత్తిడి 3 నుంచి 4 బార్ల మధ్య ఉంటుంది. నిలిపి ఉన్నప్పుడు సరిగా ఉండి, తొక్కినప్పుడు ముల్లు పడిపోతుంటే పంపు లేదా ఫిల్టర్ దోషమని రూఢి అవుతుంది. ఇంజన్ ఆపిన తర్వాత కూడా గొట్టాల్లో ఒత్తిడి నిలిచి ఉంటుంది. దానిని తగ్గించకుండా విప్పితే పెట్రోలు ఎగజిమ్మి నిప్పంటుకునే ముప్పుంది. ఈ పని ఇంటి వద్ద చేయరాదు.

ట్యాంకులో ఎప్పుడూ అడుగంటే వరకు నడిపే అలవాటు పంపుకు మంచిది కాదు. ట్యాంకు లోపలి పంపు చుట్టూ ఉండే పెట్రోలుతోనే చల్లబడుతుంది. కనీసం పావు ట్యాంకు నిల్వ ఉండేలా చూసుకోవాలి. నీటిపై అనుమానం ఉంటే మెకానిక్‌తో కొంత పెట్రోలు తీయించి గాజు సీసాలో కదలకుండా ఉంచితే నీరు అడుగున వేరుపడి కనిపిస్తుంది. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, ఐదు లీటర్ల కొలత పరీక్ష చేయించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. ఫిల్టర్ పేపర్‌పై వేసిన పెట్రోలు చుక్క ఆరిపోయాక మరక మిగలరాదు.

ఇథనాల్‌పై నెపం ఎంతవరకు?

మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. అప్పటి నుంచి బండి ఏ మాత్రం మొరాయించినా నెపమంతా ఇథనాల్‌పై వేయడం పరిపాటి అయింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో 6 నుంచి 7 శాతం వరకు మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన మార్గసూచీ అంచనా వేసింది. అయితే మైలేజీ తగ్గడం వేరు, తొక్కినప్పుడు తడబడటం వేరు.

ఆక్సిజన్ సెన్సార్ ఉన్న ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ కొంతమేరకు పెట్రోలును పెంచి సర్దుబాటు చేసుకుంటుంది. అటువంటి సర్దుబాటు లేని కార్బొరేటర్ కార్లలో మిశ్రమం పలచబడి తడబాటు రావచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. నెలల తరబడి కదపని పాత కార్ల విషయంలో ఈ జాగ్రత్త అవసరం. గొట్టాలు, సీళ్లు ఈ మిశ్రమానికి తగినవో కావో మాన్యువల్‌లో చూసుకోవాలి. ఏదేమైనా గాలి, ప్లగ్గులు చూడకుండా ఇంధనాన్ని నిందిస్తే అసలు లోపం మరుగున పడుతుంది.

స్కానర్ చెప్పేది ఆధారమే.. తీర్పు కాదు!

2010 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లలో ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ అమలులోకి వచ్చాయి. స్టీరింగ్ దిగువ ప్రాంతంలో ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే లోపం కోడ్ రూపంలో కనిపిస్తుంది. పి 0301 అంటే ఒకటో సిలిండర్‌లో దహనం తప్పుతోందని, పి 0171 అంటే మిశ్రమం పలచగా ఉందని అర్థం.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. పలచని మిశ్రమం కోడ్ రాగానే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తున్నారు. ఆ సెన్సార్ తన పని తాను చేసి, ఉన్న విషయమే చెప్పి ఉండవచ్చు. అసలు కారణం చిరిగిన రబ్బరు గొట్టమో, బలహీనపడిన పంపో కావచ్చు. జ్వరం చూపిన థర్మామీటర్‌ను మార్చితే జ్వరం తగ్గదు కదా! కోడ్‌తో సరిపెట్టకుండా కారు నడుస్తుండగా సెన్సార్ల రీడింగ్‌లు కూడా చూడాలి. యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కుతుంటే త్రాటిల్ సెన్సార్ విలువ మెట్టుమెట్టుగా కాకుండా సాఫీగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా జారిపడితే సరిగ్గా ఆ చోటే కారు తడబడుతుంది.

కోడ్‌ను రాసుకోకముందే చెరిపివేయడం, బ్యాటరీ కనెక్షన్ తీసి లైటు ఆర్పడం తగదు. దాంతో ఆధారం పోతుంది, లోపం మాత్రం మిగులుతుంది.

డీజిల్ కార్లలో తీరు వేరు

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు ఉండవు. కాబట్టి డీజిల్ ఫిల్టర్‌తో మొదలుపెట్టాలి. ఫిల్టర్ అడుగున చేరిన నీటిని మాన్యువల్ ప్రకారం తీసివేయాలి. తొక్కినప్పుడు నల్లని పొగ దట్టంగా వస్తే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదని అర్థం. టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం చిరిగినా, క్లిప్పు ఊడినా ఇలాగే జరుగుతుంది. ఈజీఆర్ కవాటం మసితో తెరుచుకుని ఉండిపోయినా శక్తి తగ్గుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. నిత్యం ఊళ్లోనే కొద్ది దూరాలు తిరిగే కార్లలో అది పూడుకుపోయే అవకాశం ఎక్కువ. దాని హెచ్చరిక దీపం వెలిగితే మాన్యువల్‌లో సూచించిన విధంగా కొంతసేపు నిలకడైన వేగంతో నడపాలి.

ఘాట్‌లో ఉండగా తడబడితే..

ఓవర్‌టేక్ ప్రయత్నాన్ని వెంటనే విరమించాలి. యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి పట్టకుండా కొద్దిగా వదిలి, గేరు తగ్గించి, ఏసీ ఆపి, ఎడమవైపు ఉండిపోవాలి. మలుపులో కాకుండా వెనక వచ్చేవారికి దూరం నుంచే కనిపించే చోట నిలిపి, హజార్డ్ లైట్లు వేయాలి. నల్లమల అటవీ మార్గంలో సెల్ సిగ్నల్ అందని ప్రదేశాలున్నాయి. రాత్రివేళ రాకపోకలపై ఆంక్షలూ ఉన్నాయి. తడబాటు ఉన్న కారుతో పిల్లాపాపలను, వృద్ధులను ఎక్కించుకుని ఈ దారి పట్టకపోవడమే క్షేమం. జాతీయ రహదారులపై సాయానికి 1033, ప్రమాదం జరిగితే 108 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

షెడ్డుకు వెళ్లేముందు రాసుకోండి

* లోపం మొదలైన తేదీ, అంతకుముందు పోయించిన ఇంధనం, చేయించిన మరమ్మతులు
* ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో, ఎంత వేగంలో?
* ఏసీ వేసినప్పుడు తేడా ఉందా? చెక్ ఇంజన్ లైటు వెలిగిందా, మిణుకుమందా?
* పొగ రంగు, అసాధారణ వాసన, శబ్దం
* ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇంధన ఫిల్టర్ చివరిసారి మార్చినప్పటి కిలోమీటర్ రీడింగ్

ఏ పరీక్ష ద్వారా లోపం తేలిందో మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాకే భాగం మార్చడానికి అంగీకరించాలి. ఒకేసారి నాలుగు భాగాలు మారిస్తే ఏది దోషమో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటే మార్చి, ప్రతిసారీ రోడ్డుపై నడిపి చూడాలి. తీసిన పాత భాగాన్ని, బిల్లును అడిగి తీసుకోవాలి. వారంటీలో ఉన్న కార్లను కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికే తీసుకువెళ్లాలి. మరమ్మతు పూర్తయిందని షెడ్డులో రేజ్ చేసి వినిపించినంత మాత్రాన నమ్మకుండా, మునుపు తడబడిన వేగంలో, అదే గేరులో, వీలైతే అటువంటి ఎత్తుపైనే మరోసారి నడిపి చూశాకే డబ్బు చెల్లించడం శ్రేయస్కరం.